ఆ తిట్ల పుట్టుక కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యా పేజీలో పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం వేస్తున్న ఇంగ్లీషు పదాల పట్టిక గురించి ఈ ఉత్తరం. ఈ మధ్య వచ్చిన ఒక పట్టికలో ష్రూ, టర్మగంట్, విరాగో అనే మూడు మాటలకూ కలిపి ‘గయ్యాళి’ అని ఒకే అర్థం ఇచ్చారు. స్పిన్‌స్టర్ అంటే ‘పెళ్లికాని ముదురు కన్య’ అన్నారు. హస్సీ అంటే ‘సిగ్గూ శరమూ లేని ఆడది’ అన్నారు. ఇంగ్లండులో ఈనాడు మామూలు మాటల్లో దాదాపు వినపడని పదాలివి. పాత నాటకాల్లో, పాత చట్టాల్లో, మన గైడు పుస్తకాల్లో బతుకుతున్నాయి. పరీక్షల్లో అడుగుతారు కాబట్టి పిల్లలు నేర్చుకోవలసిందే, కాదనను. కానీ ఆ మాట ఎక్కడ పుట్టింది, మొదట ఎవరిని అనేది, ఎప్పుడు ఆడవాళ్ళ మీదికి తిరిగింది అన్న సంగతి ఒక్క వాక్యమైనా లేకుండా, మన తిట్లతో జత కట్టి పిల్లల చేతికి ఇవ్వడం నాకు బాధ కలిగించింది.

నేను చిత్తూరులో కోర్టు అనువాదకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. పై కోర్టుకు వెళ్ళే రికార్డుల్లోని తెలుగు కాగితాలను, అంటే ఫిర్యాదులు, ఉత్తరాలు, వీలునామాలు, పంచనామాలను ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగం. ఈ ప్రాంతంలో ఆ పని చేసేవారికి తిట్లు కొత్త కాదు. కుళాయి దగ్గర తగాదా అయినా, గట్టు తగాదా అయినా, వరకట్నం కేసు అయినా ఫిర్యాదులో తిట్లు ఉండి తీరుతాయి. సరిహద్దు జిల్లా కాబట్టి తెలుగు తిట్టు పక్కనే తమిళ తిట్టు కూడా ఉంటుంది. వాటికి ఇంగ్లీషులో సాటి వచ్చే మాట కోసం వెతకడం వల్లనే పాత నిఘంటువులతో నాకు స్నేహం కుదిరింది. అలా చదివినకొద్దీ ఒక విషయం స్పష్టపడింది. ఆడవాళ్ళను తిట్టే ఇంగ్లీషు మాటల్లో చాలావాటికి పుట్టుకలో ఏ దోషమూ లేదు.

హస్సీనే తీసుకోండి. హౌస్‌వైఫ్ అన్న మాటకు పాత రూపం హూస్‌విఫ్. పలికి పలికి అరిగి హస్సీ అయింది. పదహారో శతాబ్దంలో హస్సీ అంటే ఇల్లు నడిపే ఇల్లాలు, అంతే. సూదులు, దారాలు, గుండీలు పెట్టుకునే చిన్న సంచినీ హౌస్‌వైఫ్ అనేవారు. సిపాయిలు కూడా దాన్ని వెంట తీసుకువెళ్ళేవారు. పదిహేడో శతాబ్దం వచ్చేసరికి అదే హస్సీ పొగరుబోతు పిల్లగా, ఆపైన చెడిన మనిషిగా మారింది. ఇల్లాలు అనే మాట తిట్టుగా మారడానికి ఆ ఇల్లాళ్ళు చేసిన నేరమేమిటో ఏ నిఘంటువూ చెప్పదు.

స్పిన్‌స్టర్ కథ నాకు ఇంకా దగ్గరది. స్పిన్ అంటే నూలు వడకడం. చివర ఉన్న ‘స్టర్’ పాత ఇంగ్లీషులో పని చేసే స్త్రీని తెలిపే ప్రత్యయం. వెబ్‌స్టర్ అంటే నేతగత్తె, బ్రూస్టర్ అంటే బీరు కాచే స్త్రీ, బ్యాక్‌స్టర్ అంటే రొట్టెలు కాల్చే స్త్రీ. ఈ మూడూ ఇప్పుడు ఇంటిపేర్లయి గౌరవంగా మిగిలాయి. పద్నాలుగో శతాబ్దం నుంచి వాడుకలో ఉన్న స్పిన్‌స్టర్ మాత్రం వేరే దారి పట్టింది. పెళ్లి కాని ఆడవాళ్ళు నూలు వడికి తమ తిండి తాము సంపాదించుకునేవారు. చట్టం కాగితాల్లో మనిషి పేరు పక్కన వృత్తి రాయడం ఆచారం కాబట్టి వారి పేరు పక్కన స్పిన్‌స్టర్ అని రాశారు. పదిహేడో శతాబ్దానికి అది వృత్తి పేరు కాకుండా పోయి ‘అవివాహిత’ అనే చట్టపరమైన మాటగా స్థిరపడింది. తర్వాత వందేళ్లలో ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన స్త్రీ అనే ఎగతాళి దాని మీద పేరుకుంది. సొంత కష్టంతో బతికిన మనిషికి పెట్టిన పేరు అది! ఇంగ్లండు, వేల్స్ వివాహ రిజిస్టర్లలో 2005 వరకూ ఆ మాట ఉండేది. ఆ ఏడాది బ్యాచిలర్‌ను, స్పిన్‌స్టర్‌ను రెండింటినీ తీసివేసి, ఇద్దరికీ వర్తించేలా సింగిల్ అని రాయడం మొదలుపెట్టారు. మన దేశంలో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం అనుబంధంలో పెళ్లికి ముందు ఇచ్చే నోటీసు నమూనా ఒకటి ఉంది. అందులో వధువు పేరు పక్కన రాసి ఉన్నది స్పిన్‌స్టర్ అనే.

మరికొన్ని మాటలు మొదట మగవాళ్ళవి. హార్లట్ అంటే ఇప్పుడు వేశ్య అని అర్థం చెబుతారు. పదమూడో శతాబ్దంలో అది ఊళ్లు పట్టుకు తిరిగే పనీపాటూ లేని మగవాడి పేరు. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ ఒక మగ పాత్రను వర్ణిస్తూ మంచివాడైన, దయగల హార్లట్ అని రాశాడు. పదిహేనో శతాబ్దంలో ఆ మాట ఆడవాళ్ళ మీదికి వచ్చింది. వచ్చాక మగవాళ్ళను వదిలేసింది. హాయిడెన్ కూడా అంతే. మొదట మొరటు మనిషి, అదీ మగవాడు. వందేళ్ళు తిరగకముందే అల్లరిచిల్లరగా తిరిగే ఆడపిల్ల అయింది.

ష్రూ అన్నది మన చుంచెలుక లాంటి చిన్న ప్రాణి పేరు. దాని కాటులో విషం ఉందని పాతకాలం వారి నమ్మకం. పదమూడో శతాబ్దంలో దుర్మార్గుడైన మగవాడిని ఆ పేరుతో తిట్టేవారు. తర్వాత నోరున్న ఆడదానికి తగిలించారు. షేక్‌స్పియర్ తన నాటకం ఒకదాని పేరులోనే దాన్ని వాడేసరికి ఇక అక్కడే పాతుకుపోయింది. ఇదే ష్రూ నుంచి ష్రూడ్ అనే మాట పుట్టింది. అది కూడా మొదట చెడ్డవాడనే అర్థంలోనే ఉండేది. కాలం గడిచేకొద్దీ చురుకైన బుద్ధి, లోకజ్ఞానం అనే మెచ్చుకోలుగా మారింది. ఇప్పుడు వ్యాపారినీ రాజకీయ నాయకుడినీ ష్రూడ్ అని పొగుడుతూ రాస్తారు. ఒకే వేరు నుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి ప్రశంసగా మగవాళ్ళ వైపు, ఒకటి నిందగా ఆడవాళ్ళ వైపు నడిచింది.

టర్మగంట్ పుట్టుక ఇంకా విడ్డూరమైనది. మధ్యయుగపు ఐరోపాలో ముస్లింలు పూజించే దేవుడంటూ క్రైస్తవులు ఊహించి చెప్పుకున్న పేరు అది. అలాంటి దేవుడు ఎక్కడా లేడు. వేదిక మీద ఆ పాత్ర పొడవాటి అంగీ వేసుకుని కేకలు పెడుతూ చిందులు తొక్కేది. చూసిన జనానికి ఆ కేకలే గుర్తుండిపోయి, గట్టిగా అరిచే మనిషిని టర్మగంట్ అన్నారు. పదిహేడో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఆ అరిచే మనిషి ఆడదే అయి ఉండాలని తీర్మానించారు. విరాగో అయితే లాటిన్‌లో వీరవనిత. బైబిలు లాటిన్ అనువాదంలో ఆదాము తన జతకు పెట్టిన మొదటి పేరు అదే. మూడు వేర్వేరు మూలాలు, మూడు వేర్వేరు ప్రయాణాలు ఉన్న ఈ మాటలను మీ పట్టిక ఒకే తెలుగు తిట్టులోకి తోసేసింది.

తిట్టు నోటితో పోతే ఒక ఎత్తు, చట్టంలోకి ఎక్కితే మరో ఎత్తు. ఇంగ్లండులో ‘కామన్ స్కోల్డ్’ అనే నేరం ఉండేది. ఇరుగుపొరుగుతో తరచూ పోట్లాడుతూ వీధి ప్రశాంతతను చెడగొట్టే స్త్రీ అని దాని అర్థం. స్త్రీ అని ఊరికే అనడం లేదు. 1769లో వెలువడిన తన న్యాయ వ్యాఖ్యాన సంపుటంలో ఆంగ్ల న్యాయ పండితుడు బ్లాక్‌స్టోన్ ఈ నేరానికి వాడే లాటిన్ మాట స్త్రీలింగానికే పరిమితమని స్పష్టంగా రాశాడు. నోరు పారేసుకునే మగవాడు ఆ నేరం చేయలేడు. శిక్ష ఏమిటంటే, పొడవాటి దూలం చివర బిగించిన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, ఊరంతా చూస్తుండగా చెరువులోనో ఏటిలోనో ముంచి తీయడం. కొన్ని ఊళ్ళలో ఇనుప చట్రం ఒకటి తలకు తొడిగేవారు. నాలుక మీద ఒత్తుకునేలా లోపల ఒక ఇనుప ముక్క ఉండేది. మాట్లాడితే నాలుక తెగుతుంది. ఆ సామాను ఇప్పటికీ ఇంగ్లండు ప్రదర్శనశాలల్లో ఉంది.

ఇది ఎంతో పాతకాలం సంగతి కాదు. 1809లో లెమ్‌స్టర్ అనే ఊళ్ళో జెన్నీ పైప్స్ అనే స్త్రీని మేజిస్ట్రేట్ల ఆజ్ఞ ప్రకారం వీధుల్లో తిప్పి నీళ్లలో ముంచారు. 1817లో అదే ఊళ్ళో సారా లీక్ అనే మరొకరిని కూడా ఆ కుర్చీలో తిప్పారు గానీ, ఏటిలో నీళ్లు చాలక ముంచలేదు. ఆ కుర్చీ ఆ ఊరి చర్చిలో భద్రంగా ఉంది. 1829లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఆన్ రాయల్ అనే రచయిత్రిని కామన్ స్కోల్డ్ అని విచారించి దోషిగా తేల్చారు. అప్పటికి ఆమె వయసు అరవై. ఆమె దేశమంతా తిరిగి చూసినది చూసినట్టు పుస్తకాలు రాసింది, ఎవరికీ జంకలేదు. ముంచే శిక్ష అప్పటికే పాతబడిందని న్యాయస్థానం భావించి పది డాలర్ల జరిమానా వేసింది. అక్కడితో ఆమె కలం ఆగలేదు. ఆ తర్వాత సొంతంగా పత్రిక నడిపి అధికారుల అవినీతి మీద రాసింది. పత్రికా కార్యాలయానికి రాస్తున్న ఉత్తరంలో ఆమె పేరు తలచుకోకపోవడం తప్పవుతుంది. ఇంగ్లండులో ఆ నేరాన్ని చట్టం నుంచి తీసివేసింది 1967లో.

మన శిక్షాస్మృతిని 1860లో తయారు చేసినవారు ఆంగ్లేయులే అయినా ఈ నేరాన్ని ఇక్కడికి తీసుకురాలేదు. అందుకు భిన్నంగా స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాట అనడం నేరమని 509వ సెక్షన్ పెట్టారు. 2013లో ఆ శిక్షను ఏడాది నుంచి మూడేళ్లకు పెంచారు. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 79వ సెక్షన్. నేను చూసిన ఫిర్యాదుల్లో ఈ సెక్షన్ కింద వచ్చేవాటిలో తిట్టు సరిగ్గా కనపడేది తక్కువ. ‘అసభ్య పదజాలంతో దూషించి’ అని ఒక్క ముక్క రాసి ముగిస్తారు. ఆ కాగితం కింద వేలిముద్ర వేసిన మనిషిని కదిలిస్తే తెలిసేది, ఆ ‘అసభ్య పదజాలం’ ఏమిటో, నలుగురిలో ఆ మాట పడిన రోజు నుంచి ఆమె ఎలా తలవంచుకుని తిరుగుతోందో. మా వైపు అలాంటి నింద పడిన ఆడవాళ్ళు కోర్టు కంటే ముందు కాణిపాకం పేరెత్తుతారు. వరసిద్ధి వినాయకుడి ఎదుట కోనేటిలో మునిగి ప్రమాణం చేస్తాను, నువ్వూ వచ్చి చెయ్యి అంటారు. నింద వేసినవాడు రాడు. ఆమె మాత్రం తడిబట్టలతో నిలబడి తన నడవడికి తానే సాక్ష్యం చెప్పుకుంటుంది. ఒక్క తిట్టు మాట మనిషి చేత ఇంత పని చేయిస్తుంది.

మన భాష ఇందుకు మినహాయింపు అని నేను అనను. సాని అనే మాట స్వామిని నుంచి వచ్చింది. దొరసానిలో ఆ గౌరవం ఇంకా ఉంది, పురుడు పోసే మంత్రసానిలోనూ ఉంది. ఒంటరిగా ‘సాని’ అంటే మాత్రం తిట్టు. ఇంకో మాట అచ్చులో చూడటానికి కష్టంగా ఉన్నా రాయక తప్పదు. మన వీధుల్లో ఆడవాళ్ళ మీద అలవోకగా విసిరే ‘ముండ’ అన్న తిట్టుకు సంస్కృతంలో మూలార్థం గొరిగిన తల. భర్త పోయిన స్త్రీకి బలవంతంగా తల గొరిగించి, ఆ గొరిగిన తలనే ఆమెకు పేరుగా పెట్టి, చివరికి ఆ పేరునే తిట్టు చేశారు. మన చిత్తూరు సీమలోని తరిగొండలో పుట్టిన వెంగమాంబ చిన్నతనంలోనే వితంతువయింది. తల గొరిగించుకోవడానికి ఒప్పుకోలేదనీ, అందుకు ఊరివాళ్ళు, మఠాధిపతులు ఆమెను ఎన్నో మాటలన్నారనీ ఆమె జీవితకథలో చెప్పుకుంటారు. ఆమె తిరుమల చేరి కావ్యాలు రాసింది. ఈనాడు కొండ మీద లక్షలాది మంది భోజనం చేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే ఉంది. ఆమెను తిట్టినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

ఈ మాట అంటే కొందరు గంగజాతర సంగతి ఎత్తుతారు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషగాళ్ళు బూతులు తిడతారు కదా, ఎవరూ తప్పు పట్టరు కదా అంటారు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న జాతర అది. అక్కడి తిట్టు మొక్కు. బండ వేషం, తోటి వేషం వేసినవాడు ఆ పూటకు ఆ తిట్లు తిడతాడు, వేషం తీశాక అవి అతని నోట ఉండవు, విన్నవాళ్ళు దీవెనగా తీసుకుంటారు. పైగా ఆ జాతర కథే ఆడపిల్లలను చెరపట్టిన పాలెగాడిని గంగమ్మ వెతికి వెతికి చంపిన కథ. మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని ఆమె రూపంలో వీధుల్లోకి వస్తారు. ఆ తిట్టును తెచ్చి ఇంటి ఇల్లాలి మీద, పక్కింటి పిల్ల మీద వాడేవాడికి జాతర అండ దొరకదు.

ఇప్పుడు నా మనవరాలి వరస పిల్ల సంగతి చెబుతాను. మా చెల్లెలి మనవరాలు తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు మీ పట్టికల కత్తిరింపులు అంటించుకున్న పుస్తకం నాకు చూపింది. “అవ్వా, మగవాళ్ళు గట్టిగా అరిస్తే ఏమంటారు? ఇందులో లేదే” అని అడిగింది. పట్టికంతా వెతికాను. స్త్రీద్వేషి, భార్యాలోలుడు అని రెండు మాటలు ఉన్నాయి, అవి కూడా ఆడవాళ్ళ సంబంధంతో చెప్పినవే. అరిచే మగవాడికి పేరు లేదు. నేను ఆ పూట ఆమెకు ష్రూ, టర్మగంట్, విరాగోల గురించి, స్పిన్‌స్టర్ గురించి, కామన్ స్కోల్డ్ గురించి చెప్పాను. తన పుస్తకంలో ఆ మాటల పక్కన శతాబ్దాలు రాసుకుంది. ఆ ‘గయ్యాళి’ మాటలు మూడింటికీ ఒకే అర్థం బట్టీ పట్టినప్పుడు ఏది ఏదో కలగలిసిపోయేదట, కథ తెలిశాక ఏ మాటకు ఆ మాట విడిగా గుర్తుంటోందట. పరీక్ష కోణంలో చూసినా ఇదే మేలు.

పెద్ద న్యాయస్థానం కూడా ఈ విషయాన్ని పట్టించుకుంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కోసం, న్యాయవాదుల కోసం ఒక కరదీపిక విడుదల చేసింది. తీర్పుల్లో, వాదనల్లో ఆడవాళ్ళ గురించి వాడకూడని మాటలు ఒక వైపు, వాటికి బదులు వాడవలసినవి మరో వైపు ఇచ్చారు. హార్లట్ బదులు స్త్రీ అనమన్నారు, స్పిన్‌స్టర్ బదులు అవివాహిత అనమన్నారు. హౌస్‌వైఫ్‌ను కూడా మార్చి గృహనిర్వాహకురాలు అనే అర్థం వచ్చే మాట వాడమన్నారు. అది వెలువడినప్పుడు మా పాత సహోద్యోగులు కొందరు, మాటలు మారిస్తే మనుషులు మారతారా అన్నారు. మనుషుల సంగతి అలా ఉంచండి, రికార్డు మారుతుంది. రికార్డులో ఒక స్త్రీని ఏమని రాశారో అదే పై కోర్టు చదువుతుంది, యాభై ఏళ్ల తర్వాత నకలు తీసుకున్న ఆమె మనవడూ అదే చదువుతాడు. ఉద్యోగమంతా ఆ కాగితాల మధ్యనే గడిపిన మనిషిగా ఈ మాట అంటున్నాను.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. ఆ పదాల పట్టికను ఆపమని అడగడం లేదు. ప్రతి మాట పక్కన అది పుట్టిన శతాబ్దం, మొదటి అర్థం, ఇప్పుడు వాడుకలో లేదన్న సూచన ఇవ్వండి. స్పిన్‌స్టర్‌కు ‘అవివాహిత; పాత మాట; మొదట నూలు వడికే స్త్రీ’ అని రాస్తే ఒక్క వరుస కూడా పెరగదు. తెలుగు అర్థం దగ్గర తిట్టుకు తిట్టు పెట్టకండి. ‘పోట్లాడే స్త్రీని నిందించడానికి పూర్వం వాడిన మాట’ అంటే పిల్లలకు అర్థమూ తెలుస్తుంది, అది నింద అన్న సంగతీ తెలుస్తుంది.

రెండోది వార్తల పేజీల గురించి. మోసం కేసులో పురుషుడు అరెస్టయితే మీ జిల్లా ఎడిషన్ ‘నిందితుడి అరెస్టు’ అని రాస్తుంది. అదే కేసులో స్త్రీ ఉంటే ‘కిలాడీ లేడీ’, ‘మాయలేడి’ అని శీర్షిక పెడుతుంది. నేరం ఇంకా రుజువు కాలేదు, ఛార్జిషీటు కూడా దాఖలు కాలేదు. రేపు ఆమె నిర్దోషిగా విడుదలైనా ఆ శీర్షిక కత్తిరించి దాచినవాళ్ళ దగ్గర అలాగే ఉంటుంది. ఆమెకూ ‘నిందితురాలి అరెస్టు’ అని రాయండి. మీ విలేకరులు రోజూ పంపే వార్తల్లో ఈ ఒక్క మార్పు చేయడానికి ఏ చట్టమూ అవసరం లేదు, డెస్కులో కూర్చున్నవారు కలం పెడితే చాలు.

పదాల పట్టిక తయారు చేసేవారికి పనికివస్తే, ఇంగ్లీషులో ఆడవాళ్ళను నిందించే పాత మాటల పుట్టుకలు నేను రాసుకున్న నోటు పుస్తకం ఉంది. హార్లట్, హాయిడెన్ లాంటివే కాక, ఒకప్పుడు జ్ఞానస్నానంలో బిడ్డకు దైవసాక్షిగా నిలిచిన బంధువును చెప్పి, పురిటి గదిలో తోడుండే ఆడవాళ్ళ పేరయి, చివరికి ఊసుపోని కబుర్లుగా దిగజారిన గాసిప్ లాంటి మాటలూ అందులో ఉన్నాయి. మీరు కబురు చేస్తే జిరాక్సు తీయించి మీ చిత్తూరు కార్యాలయంలో ఇచ్చి వెళ్తాను. ప్రతిఫలం అక్కర్లేదు, పేరు వేయనక్కర్లేదు.

ఇట్లు,
విశ్రాంత కోర్టు అనువాదకురాలు,
గ్రీంస్‌పేట, చిత్తూరు.